డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్ స్కేల్ మోడల్: తరచుగా అడిగే ప్రశ్నలు

మన స్టేషన్లలో దశాబ్దాల పాటు నల్లటి పొగ వదులుతూ, గుడగుడమంటూ నిలబడిన ఆల్కో ఇంజన్‌ను మోడల్‌గా చేసుకోవాలనుకునేవారు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. కొన్నింటికి జవాబు చాలా పెద్దది, కొన్నింటికి రెండు ముక్కలు చాలు.

డబ్ల్యూడీఎం-2 అంటే సరిగ్గా ఏ ఇంజన్?

అమెరికాలోని ఆల్కో కంపెనీ డీఎల్560సీ పేరుతో తయారుచేసిన డిజైన్ ఇది. మొదటివి 1962లో అక్కడి నుంచి దిగుమతి అయ్యాయి. 1964 నుంచి వారణాసిలోని డీజిల్ లోకోమోటివ్ వర్క్స్‌లో తయారయ్యాయి. ఆ కర్మాగారం పేరు 2020లో బనారస్ లోకోమోటివ్ వర్క్స్‌గా మారింది. 1998 వరకు 2,600కు పైగా ఇంజన్లు బయటికొచ్చాయి. 16 సిలిండర్ల ఆల్కో 251బీ ఇంజన్, 2,600 హార్స్‌పవర్, ఆరు ఇరుసులు, ప్రతి ఇరుసుకూ ఒక మోటారు, 112.8 టన్నుల బరువు, గంటకు 120 కిలోమీటర్ల వేగం. పేరులో డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజ్, డీ అంటే డీజిల్, ఎం అంటే మిక్స్‌డ్. ఎక్స్‌ప్రెస్‌కైనా గూడ్స్‌కైనా కట్టొచ్చన్నమాట. మోడల్ చేసేవాడికి ఇది పెద్ద సదుపాయం: వెనక ఏ బండి తగిలించినా ఎవరూ తప్పు పట్టలేరు.

ఏ స్కేల్‌లో చేయాలి?

అసలు ఇంజన్ బఫర్ నుంచి బఫర్ వరకు దాదాపు 17.1 మీటర్లు. హెచ్‌ఓ స్కేల్‌లో, అంటే 1:87లో, అది 19.7 సెంటీమీటర్లు అవుతుంది. 1:160 ఎన్ స్కేల్‌లో 10.7 సెంటీమీటర్లే. 1:43.5 ఓ స్కేల్‌లో 39 సెంటీమీటర్లు దాటుతుంది.

నా ఓటు హెచ్‌ఓకే. చేతిరెయిలింగు, ఫ్యాన్ జాలీ, క్యాబ్ లోపలి సీట్లు కంటికి కనిపించేంత పెద్దది. బల్ల మీద పట్టేంత చిన్నది. మోటార్లు, గేర్లు, కప్లర్లు, డీకోడర్లు (మోటారును, లైట్లను నడిపే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డులు) అన్నింటికన్నా ఎక్కువ దొరికేదీ ఈ స్కేల్‌లోనే. ఎన్ స్కేల్‌లో పొడవైన రైలు అందంగా కనిపిస్తుంది కానీ ఇంజన్‌ను తీరిగ్గా దగ్గర నుంచి చూసుకునే ముచ్చట తీరదు. ఓ స్కేల్ అద్భుతమే, ఇంట్లో ఒక గది దానికే రాసివ్వగలిగితే.

మనది బ్రాడ్‌గేజ్ కదా, హెచ్‌ఓ పట్టాలు సరిపోతాయా?

అసలు పేచీ ఇక్కడే. హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. అది 1,435 మి.మీ. ఉండే స్టాండర్డ్ గేజ్‌కు లెక్కగట్టిన కొలత. మన బ్రాడ్‌గేజ్ 1,676 మి.మీ. 1:87లో అది 19.26 మి.మీ. కావాలి. అంటే దాదాపు 2.8 మి.మీ. తక్కువ పడుతుంది. పక్క నుంచి చూస్తే ఎవరికీ తెలియదు. ఎదురుగా నిలబడి చూస్తే మాత్రం ఇంజన్ కాళ్ళు దగ్గరగా పెట్టుకుని నిలుచున్నట్టు ఉంటుంది.

దీనికి మూడు దారులు. మొదటిది, పట్టించుకోకపోవడం. చాలామంది చేసేది ఇదే, అందులో తప్పేమీ లేదు. కొన్న పట్టాలు, కొన్న పాయింట్లు (బండి పట్టా మారే చోట్లు), కొన్న చక్రాలు అన్నీ పనికొస్తాయి. రెండోది, 16.5 మి.మీ. పట్టాలనే బ్రాడ్‌గేజ్ అనుకుని స్కేల్‌ను దాదాపు 1:101.6కి తగ్గించడం. లెక్క అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. కానీ ఆ స్కేల్‌లో మనుషులు, ఇళ్ళు, చెట్లు, కప్లర్లు ఏవీ దొరకవు. ప్రతిదీ సొంతంగా చేసుకోవాలి. మూడోది, పట్టాలు కూడా చేత్తో వేసుకోవడం. బ్రిటిష్ మోడలర్లు 1:76 స్కేల్‌కు వాడే పీ4 అనే ప్రమాణంలో గేజ్ 18.83 మి.మీ. దాన్ని 1:87లో వాడితే దాదాపు 1,640 మి.మీ.కి సమానం. అసలు కొలతకు చాలా దగ్గర. దానికోసం అమ్మే చక్రాలు, గేజ్ బిళ్ళలు వాడుకోవచ్చు. షోకేస్‌లో పెట్టే ఒక్క ఇంజన్‌కు ఈ దారి బాగుంటుంది. పాయింట్లు, యార్డు ఉన్న లేఅవుట్ మొత్తం ఇలా చేయాలంటే ఏళ్ళు పడుతుంది. పరుగెత్తే మోడల్ కావాలంటే మొదటి దారే పట్టండి.

అన్ని డబ్ల్యూడీఎం-2 ఇంజన్లూ ఒకేలా ఉంటాయా?

ఉండవు. మోడల్ పాడయ్యేది పనితనం తక్కువై కాదు, ఈ సంగతి మర్చిపోయినప్పుడు. ముప్ఫై ఏళ్ళకు పైగా తయారై, వేర్వేరు షెడ్లలో మరమ్మతులు జరిగిన ఇంజన్లు ఇవి. కొన్నింటికి షార్ట్ హుడ్ (క్యాబ్‌కు ఒక పక్క ఉండే పొట్టి ముక్కు; రెండో పక్కన ఉండే పొడవాటిది లాంగ్ హుడ్) క్యాబ్ అంత వెడల్పుగా ఉంటుంది. వాటిని రైల్వే అభిమానులు జంబోలు అంటారు. మొదట్లో వ్యాక్యూమ్ బ్రేకులు, తర్వాత ఎయిర్ బ్రేకులు. హెడ్‌లైట్లు, కిటికీ జాలీలు, రెయిలింగులు, రంగులు కూడా షెడ్డును బట్టీ, కాలాన్ని బట్టీ మారిపోయాయి.

అందుకే పని మొదలుపెట్టే ముందు ఒక నంబరు, ఒక సంవత్సరం తేల్చుకోండి. ఉదాహరణకు కాజీపేట షెడ్డు ఇంజన్ ఒకటి, 1980ల చివర. ఆ నంబరు ఫొటోలు రెండు వైపులవీ సంపాదించండి. ఇక అక్కడి నుంచి గొట్టం ఎక్కడ, రంగు ఏది, గొలుసు ఉందా లేదా అన్న ప్రతి ప్రశ్నకూ ఆ ఫొటోయే జవాబు చెబుతుంది. 'మామూలు డబ్ల్యూడీఎం-2' చేస్తానని కూర్చుంటే 1970ల రంగు మీద 1990ల బ్రేకు గొట్టాలు వచ్చి చేరతాయి.

డబ్ల్యూడీఎం-3ఏ, 3డీ కూడా ఇదే బాడీతో చేసుకోవచ్చా?

3ఏ అంటే 3,100 హార్స్‌పవర్‌కు పెంచిన రూపం. చాలా పాత డబ్ల్యూడీఎం-2లే ఇలా మారాయి, కాబట్టి బాడీ దాదాపు అదే. 3డీ అలా కాదు. దాని బోగీలే (ఇరుసులు, చక్రాలు అమర్చిన కింది చట్రాలు) వేరు, హై అడ్‌హీషన్ రకం. కింద పాత బోగీలు పెట్టి పైన 3డీ అని రాస్తే, తెలిసినవాళ్ళు నంబరు చదవకముందే పట్టేస్తారు.

ట్రైమౌంట్ బోగీ అని అందరూ అంటారు, దాని గొడవేమిటి?

ఈ ఇంజన్ గుర్తింపు హుడ్‌లో లేదు, బోగీలోనే ఉంది. మూడు ఇరుసులూ సమాన దూరంలో ఉండవు. మధ్య ఇరుసు ఒక పక్కకు జరిగి ఉంటుంది. మూడు మోటార్లకూ చోటు చేయడానికి అలా అమర్చారు. బాడీ బరువు బోగీ మీద మూడు చోట్ల ఆనుతుంది: మధ్య పివట్ మీద 60 శాతం, రెండు పక్క ప్యాడ్ల మీద చెరో 20 శాతం. ట్రైమౌంట్ అన్న పేరు అందుకే.

మోడల్‌కు దీనివల్ల వచ్చే చిక్కు ఏమిటంటే, మార్కెట్లో దొరికే ఆరు ఇరుసుల ఛాసిస్‌లలో ఎక్కువ వాటికి ఇరుసులు సమదూరంలో ఉంటాయి. వాటి మీద బాడీ పెడితే, ఎంత బాగా పెయింట్ చేసినా ఎక్కడో తేడా కొడుతుంది. అమెరికా ఆల్కో ఆర్ఎస్‌డీ-4, ఆర్ఎస్‌డీ-5 ఇంజన్లకు ట్రైమౌంట్ బోగీలే ఉంటాయి. హెచ్‌ఓలో అట్లాస్ కంపెనీ వీటి మోడళ్ళు తెచ్చింది. సెకండ్ హ్యాండ్‌లో అలాంటిది చిక్కితే వదలొద్దు. అమెరికా చక్రం 40 అంగుళాలు, మనది కొత్తగా ఉన్నప్పుడు 1,092 మి.మీ. మోడల్‌లో ఆ తేడా ఒక మి.మీ. కూడా రాదు. పైగా అసలు చక్రాలు కూడా అరిగి, లేత్ మీద సాపు చేసేకొద్దీ చిన్నవవుతూనే ఉంటాయి. దాని గురించి నిద్ర పాడుచేసుకోకండి.

ఛాసిస్ కొనే ముందు రెండు బోగీ పివట్ల మధ్య దూరం కొలవండి. డ్రాయింగ్‌తో పోల్చి, అవసరమైతే ఫ్రేమ్‌ను మధ్యలో కోసి పొడిగించాలి. అప్పుడు మోటారు నుంచి గేర్‌బాక్స్‌కు వెళ్ళే షాఫ్ట్ కూడా మార్చాల్సి వస్తుంది. ఇది కొత్తవాళ్ళ పని కాదు.

బాడీ 3డీ ప్రింట్ చేయించాలా, ప్లాస్టిక్ షీటుతో చేయాలా?

హుడ్ పక్కల నిండా వరుసగా తలుపులు, గడియలు, గాలి జాలీలు ఉంటాయి. ఇవన్నీ షీటు మీద చేత్తో చెక్కాలంటే చాలా ఓపిక కావాలి. రెసిన్ ప్రింటరైతే సన్నగా, స్పష్టంగా తీస్తుంది. తీగ కరిగించి పోసే ఎఫ్‌డీఎం ప్రింటర్ ఈ సైజులో గీతలు మిగులుస్తుంది. ఇసుక కాగితంతో రుద్దితే గీతలతో పాటు గడియలూ పోతాయి. రెసిన్‌లో లోపం ఏమిటంటే పెళుసు. కిందపడితే మూల విరుగుతుంది. ఎండ తగిలితే మరింత పెళుసవుతుంది. సరిగా క్యూర్ కాకపోతే (కాంతిలో పూర్తిగా గట్టిపడకపోతే) పొడవాటి హుడ్ నెలల్లో వంగిపోతుంది.

రెయిలింగులను మాత్రం ప్రింట్ చేయించకండి. 0.3 మి.మీ. ఇత్తడి లేదా ఫాస్ఫర్ బ్రాంజ్ తీగ వాడండి. ప్రింట్ చేసిన రెయిలింగు లావుగా ఉంటుంది, లేదంటే మొదటి వారంలోనే విరుగుతుంది.

ఏ డీటెయిల్స్ ముందు చేయాలి?

దూరం నుంచి కూడా గుర్తుపట్టించేవి ముందు. లాంగ్ హుడ్ చివర పైకప్పులో ఉండే పెద్ద రేడియేటర్ ఫ్యాన్ ఒకటి. దానిమీది జాలీ సన్నటి ఎచింగ్ చేసిన ఇత్తడిదైతే, కింద ఫ్యాన్ రెక్కలు కనబడతాయి. ఆ ఒక్కదానితో మోడల్ స్థాయే మారిపోతుంది. తర్వాత ముందువైపు: పక్క బఫర్లు, మధ్యలో కప్లర్, కింద పశువుల గార్డు, గొట్టాలు. వ్యాక్యూమ్ కాలమైతే లావాటి గొట్టం. ఎయిర్ బ్రేకు కాలమైతే సన్నటివి రెండు: ఆకుపచ్చది బ్రేకు పైపు, తెల్లది ఫీడ్ పైపు. పిన్ను తలంత ఈ రంగు చుక్కలు మీ మోడల్ ఏ కాలానిదో చెప్పేస్తాయి.

క్యాబ్ లోపల కంట్రోల్ స్టాండు, రెండు సీట్లు, ఒక డ్రైవర్ బొమ్మ చాలు. కిటికీ అద్దం వెనక అంతకు మించి కనిపించదు. కింద పక్కన ఉండే బ్యాటరీ పెట్టెలు, ఇసుక పెట్టెలు, ఇంధనం ట్యాంకు కొలతలు మాత్రం జాగ్రత్తగా చూసుకోండి, ఇంజన్ బరువైన రూపం వాటివల్లే వస్తుంది.

రంగు, అక్షరాలు, మసి?

ప్రైమర్ పలుచగా. రంగు కూడా పలుచటి పొరలుగా, ఎయిర్‌బ్రష్‌తో. అక్షరాలకు వాటర్‌స్లైడ్ డెకాల్స్ (నీటిలో తడిపి అంటించే స్టిక్కర్లు) మేలు. వాటిని అంటించే చోట ముందు మెరిసే వార్నిష్ వేయాలి. మ్యాట్ రంగు మీద అంటిస్తే డెకాల్ కింద గాలి చిక్కి తెల్లగా కనిపిస్తుంది. అంటించాక సెట్టింగ్ ద్రవం, ఆరాక మ్యాట్ వార్నిష్.

ఇక మసి. ఈ ఇంజన్ శుభ్రంగా కనిపిస్తేనే అబద్ధంలా ఉంటుంది. కానీ మసి అంతటా పులమడం కాదు, అది ఎక్కడి నుంచి వస్తుందో ఆలోచించాలి. పొగ గొట్టం క్యాబ్‌కు దగ్గరగా ఉంటుంది, కాబట్టి దాని చుట్టూ పైకప్పు నల్లగా. డ్రైవర్ ఒక్కసారిగా శక్తిని పెంచే మెట్లైన నాచ్‌లు పెంచినప్పుడు గాలి నెట్టే టర్బో అందుకునేలోపు ఇంధనం పూర్తిగా కాలక వచ్చే పొగ అది. బోగీల మీద నలుపు కన్నా బ్రేకు దుమ్ము గోధుమరంగు ఎక్కువ. ఇంధనం పోసే మూత కింద తడిసి మెరిసే జాడ. మెట్ల అంచుల్లో బూట్లు రాసుకుని రంగు పోయిన గుర్తులు. తుప్పు తక్కువే వాడండి. నడుస్తున్న ఇంజన్ తుప్పు పట్టి ఉండదు, జిడ్డు పట్టి ఉంటుంది.

డీసీ చాలా, డీసీసీ కావాలా?

ఒకే ఇంజన్, ఒకే వలయం అయితే 12 వోల్టుల డీసీ కంట్రోలర్ చాలు. రెండు ఇంజన్లు ఒకే పట్టా మీద విడివిడిగా నడపాలన్నా, శబ్దం కావాలన్నా డీసీసీ, అంటే పట్టాల ద్వారా ఒక్కో ఇంజన్‌కు విడిగా డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి. హెచ్‌ఓ ఇంజన్‌కు ఒక ఆంపియర్ డీకోడర్ సాధారణంగా సరిపోతుంది. పాత ఛాసిస్ అయితే ముందు మోటారును చేత్తో ఆపి, అది ఎంత కరెంటు లాగుతుందో మీటర్‌తో చూడండి. మోటారు బ్రష్‌లు ఫ్రేమ్‌కు తగలకుండా విడదీయడం మర్చిపోతే డీకోడర్ మొదటి క్షణంలోనే పోతుంది.

ఇంజన్ నంబరునే డీసీసీ అడ్రసుగా పెట్టుకోవడం అలవాటు. మన నంబర్లు 18, 17, 16తో మొదలయ్యే ఐదంకెలవి. డీసీసీ సిస్టమ్‌లలో ఎక్కువ వాటిలో 9999 దాటి అడ్రసు ఉండదు. చివరి నాలుగంకెలు పెట్టుకోండి: 18233కి 8233.

ఇంకోటి. మన ఆల్కోలు లాంగ్ హుడ్ ముందుకూ నడిచేవి, షార్ట్ హుడ్ ముందుకూ నడిచేవి. డీకోడర్‌కు ముందు ఏదో, వెనక ఏదో మీరే చెప్పాలి. తిరగబడి ఉంటే తీగలు మార్చక్కర్లేదు, డీకోడర్ సెట్టింగుల్లో (సీవీలు) సీవీ29 విలువకు ఒకటి కలిపితే దిశ మారుతుంది, లైట్లూ దాంతోపాటే మారతాయి.

ఆల్కో శబ్దం నిజంగా వస్తుందా?

వస్తుంది. సౌండ్‌ట్రాక్స్, ఈఎస్‌యూ లాంటి కంపెనీల లైబ్రరీల్లో ఆల్కో 251 రికార్డింగులు ఉన్నాయి. అసలు ఇంజన్ ఐడిల్‌లో నిమిషానికి 400 చుట్లు, ఎనిమిదో నాచ్‌లో 1,000 చుట్లు తిరుగుతుంది. ఆ తేడా చెవికి తెలియాలంటే స్పీకర్‌కు గాలి చొరని పెట్టె తప్పనిసరి. స్పీకర్‌ను ఊరికే బాడీలో వదిలేస్తే రేకు డబ్బాలో ఈగలా మోగుతుంది. చిన్న చదరపు షుగర్‌క్యూబ్ స్పీకర్లు రెండు, పెట్టెలతో సహా, రేడియేటర్ ఫ్యాన్ కింద పెడితే శబ్దం జాలీలోంచి పైకి వస్తుంది.

రికార్డింగులు అమెరికావి కాబట్టి హారన్ మనది కాదు, గంట అసలే మనది కాదు. గంటను ఆపేయండి. హారన్‌కు ఉన్నవాటిలో రెండు స్వరాలది ఎంచుకోండి. ఈఎస్‌యూ డీకోడర్లయితే, వాటి ప్రోగ్రామర్ మీ దగ్గర ఉంటే సొంత రికార్డింగ్ కూడా ఎక్కించుకోవచ్చు.

ఎంత వేగంగా నడపాలి? ఎన్ని పెట్టెలు లాగుతుంది?

120 కిలోమీటర్ల వేగం హెచ్‌ఓలో సెకనుకు 38 సెంటీమీటర్లు. అంటే మీటరు పట్టా దాటడానికి రెండున్నర సెకన్లకు పైనే. చాలామంది దీనికి రెట్టింపు వేగంతో తిప్పుతారు, అందుకే ఆటబొమ్మలా అనిపిస్తుంది. సీవీ3, సీవీ4 విలువలు పెంచి నెమ్మదిగా అందుకునేలా, నెమ్మదిగా ఆగేలా చేయండి.

బరువు లెక్క తమాషాగా ఉంటుంది. 112.8 టన్నులను మూడు దిక్కులా 87వ వంతు చేస్తే వచ్చేది 171 గ్రాములే. ఆ బరువుతో మోడల్ నాలుగు పెట్టెలు కూడా సరిగా లాగదు. 350 నుంచి 450 గ్రాముల మధ్య ఉంచండి, బరువు రెండు బోగీల మీదా సమంగా పడాలి. మన ఐసీఎఫ్ (చెన్నై ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ) పెట్టె ఒక్కోటి హెచ్‌ఓలో 25.6 సెం.మీ. 18 పెట్టెల ఎక్స్‌ప్రెస్ వేస్తే నాలుగున్నర మీటర్లు దాటుతుంది. ఇళ్ళల్లో ఆరు పెట్టెలతో సరిపెట్టుకోవాల్సిందే.

వంపులు 22 అంగుళాల వ్యాసార్థం కన్నా తక్కువ వద్దు. 18 అంగుళాల వంపులో ఛాసిస్ తిరిగినా, మన పక్క బఫర్లు పెట్టె బఫర్లతో చిక్కుకుని బండిని పట్టాలు తప్పిస్తాయి.

ఆగి ఆగి నడుస్తోంది, టక్ టక్ శబ్దం వస్తోంది. ఏం చేయాలి?

ఆగి ఆగి నడిస్తే పదికి తొమ్మిదిసార్లు చక్రాల మీద మురికే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. పాయింట్ల మీద మాత్రమే ఆగితే, మధ్యలో కరెంటు లేని ముక్క మీద చక్రాలు పడుతున్నట్టు. డీకోడర్‌కు క్షణం పాటు కరెంటు అందించే స్టే అలైవ్ కెపాసిటర్ పెడితే తీరుతుంది.

చక్రం చుట్టుకొకసారి టక్ మంటే ఇరుసు గేరు పగిలి ఉంటుంది. పాత ఛాసిస్‌లకు ఇది సహజం. జిగురు పని చేయదు, గేరు మార్చాలి. ఒకే చోట పట్టా తప్పితే పట్టాను చూడండి. ఎక్కడబడితే అక్కడ ఒకే బోగీ తప్పితే చక్రాల మధ్య దూరాన్ని ఎన్ఎంఆర్ఏ (అమెరికా మోడల్ రైల్వే సంఘం) గేజ్ బిళ్ళతో సరిచూడండి. నూనె ప్లాస్టిక్‌ను పాడుచేయని రకమే, అదీ సూది మొనతో ఒక చుక్క. ఎక్కువైతే పట్టాల మీదకు చేరి చక్రాలు జారతాయి.

పిల్లలకు ఇవ్వొచ్చా?

ఈ మోడల్ వద్దు. వాళ్ళకు రెయిలింగులు లేని, గట్టి బాడీ ఉన్న స్టార్టర్ సెట్ కొనివ్వండి, అందరికీ మనశ్శాంతి.

అసలు ఇంజన్‌ను ఎక్కడ చూసి కొలతలు తీసుకోవాలి?

ఢిల్లీలోని నేషనల్ రైల్ మ్యూజియంలో 18040 ఉంది, అమెరికా నుంచి వచ్చిన తొలి ఇంజన్లలో ఒకటి. అక్కడ తీరిగ్గా చుట్టూ తిరిగి ఫొటోలు తీసుకోవచ్చు. టేపు పట్టుకుని కొలవలేకపోతే, తెలిసిన పొడవున్న ఒక స్కేలును పక్కన ఉంచి ఫొటో తీయండి. పైకప్పు ఫొటోలు కావాలంటే ఫుట్ ఓవర్ బ్రిడ్జి కన్నా మంచి చోటు లేదు. షెడ్డులోకి అనుమతి లేకుండా వెళ్ళడం, పట్టాల మీదకు దిగడం 1989 రైల్వే చట్టం ప్రకారం నేరం. షెడ్డు లోపలి ఫొటో కావాలంటే ముందుగా రాసి అనుమతి అడగండి. ఆల్కోలు వరసగా తుక్కుకు వెళ్తున్నాయి కాబట్టి, మీరు ఎంచుకున్న నంబరు ఇంకా ఎక్కడైనా నిలబడి ఉంటే ఆలస్యం చేయకండి.